అరకిలో మోసే విమానం: ఏరోస్పేస్ విద్యార్థుల డిజైన్ ప్రాజెక్టుకు సమగ్ర మార్గదర్శి

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజన్ల కర్మాగారం 1964లో వెలిసింది. మిగ్-21 ఇంజన్లతో మొదలైన ఆ కర్మాగారంలో తర్వాత మిగ్-29కి ఆర్‌డీ-33, సుఖోయ్-30కి ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్ల పని కూడా చేపట్టారు. అదే కొండల చుట్టూ జయపురం, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ఉన్నాయి. ఈ ఊళ్ల తెలుగు ఇళ్ల నుంచి ఏరోస్పేస్ చదువుకు వెళ్లిన విద్యార్థి లిఫ్ట్ (రెక్కను గాలి పైకెత్తే బలం) సమీకరణాన్ని నాలుగేళ్లూ పరీక్షల్లో రాసి, ఒక్కసారి కూడా దాన్ని నమ్మి రెక్క కోయకుండానే పట్టా పుచ్చుకునే వీలుంది. అలా జరగకూడదన్నదే నా పట్టుదల.

చేసి నేర్చుకునే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ విద్యార్థుల ఏరో డిజైన్ పోటీలను 1986 నుంచి, ఏరోస్పేస్ ఇంజనీర్ల సంస్థ ఏఐఏఏ 'డిజైన్, బిల్డ్, ఫ్లై' పోటీలను 1996-97 నుంచి నడుపుతున్నాయి. మన దేశంలో 2010 జులై 12న పీఎస్‌ఎల్‌వీ-సీ15 కక్ష్యలోకి చేర్చిన స్టడ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని బెంగళూరు, హైదరాబాద్‌లకు చెందిన ఏడు ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు తయారుచేశారు. దాని బరువు కిలో కూడా లేదు. మనం ఉపగ్రహం దాకా వెళ్లనక్కర్లేదు. అరకిలో కందిపప్పు ప్యాకెట్టును మోసుకుని పొలం మీద నాలుగు చుట్లు తిరిగి, చెక్కుచెదరకుండా దిగే రేడియో కంట్రోల్ విమానం చాలు. ఏరోడైనమిక్స్, స్ట్రక్చర్స్, ప్రొపల్షన్, స్థిరత్వం అన్నీ అందులో ఉన్నాయి. ఏరోస్పేస్ విభాగం లేని కాలేజీలో మెకానికల్ చదివేవారు కూడా దీన్ని చేయవచ్చు.

ఈ ప్రాజెక్టుకు ఒకే నియమం: ప్రతి అంకెనూ ముందు లెక్కగట్టి రాసిపెట్టాలి, తర్వాత కట్టాలి, తర్వాత కొలవాలి. లెక్కకూ కొలతకూ తేడా ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ప్లాను చూసి కోసి అతికించినా విమానం ఎగురుతుంది. అది చేతిపనిగా మంచిదే కానీ డిజైన్ కాదు.

మొదటి అడుగు: అవసరాన్ని ఒక పేజీలో రాయండి

విమానం బొమ్మ గీయడానికి ముందు అది ఏం చేయాలో రాయండి. మన ఉదాహరణకు ఇలా: 500 గ్రాముల బరువు మోయాలి. మొత్తం బరువు 1.6 కిలోలు దాటకూడదు. గడ్డి నేల మీద 30 మీటర్ల లోపు లేవాలి. ఐదు నిమిషాలు గాలిలో ఉండాలి. రెక్క విడదీస్తే ప్యాసింజరు రైల్లో పట్టే పెట్టెలో ఇమడాలి.

చివరి షరతును చిన్నచూపు చూడకండి. గుణుపురం నుంచి బరంపురం పోటీకి వెళ్లేవారికి, విశాఖ హాస్టల్ నుంచి రాయగడ ఇంటికి వచ్చేవారికి రెక్క పొడవును నిర్ణయించేది చాలాసార్లు ఆ పెట్టే. అలాంటి షరతులను దాచకుండా రాయడం నేర్చుకున్న విద్యార్థి రేపు ఉద్యోగంలో వినియోగదారుడి మాట వినగలుగుతాడు.

పేజీ పూర్తయ్యాక మాస్టారి సంతకం తీసుకోండి. ఆ తర్వాత అందులో ఏ అంకె మార్చాలన్నా కారణం రాసే మార్చాలి.

రెండో అడుగు: జట్టు, నోటు పుస్తకం, క్యాలెండరు

ఆరుగురి నుంచి ఎనిమిది మంది వరకు సరిపోతారు. అంతకు మించితే సగం మంది చూస్తూ నిలబడతారు. రెక్క, తోక, ఫ్యూజిలాజ్ (విమానం మొండెం), మోటారు-బ్యాటరీ, కొలతలు అని పని పంచుకోండి. బరువుకు మాత్రం ప్రత్యేకంగా ఒకరిని పెట్టండి. ఏ భాగం కాటా ఎక్కినా అంకె వారి పుస్తకంలోకే వెళ్లాలి. జట్టులో అందరికంటే మొహమాటం తక్కువ ఉన్నవారికి ఈ బాధ్యత ఇవ్వండి.

క్యాలెండరును వాతావరణమే నిర్ణయిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, కాబట్టి లెక్కలూ కట్టడమూ అప్పుడే పూర్తిచేయాలి. వరి కోతలయ్యాక డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎగరేయడానికి అనువైన కాలం. పొలాలు ఖాళీగా ఉంటాయి, గాలి నెమ్మదిగా ఉంటుంది. కొరాపుట్ పీఠభూమిలో మాత్రం ఆ నెలల్లో పొద్దున మంచు తెర తొలగే దాకా ఆగాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఈదురుగాలులు ఎప్పుడు లేస్తాయో చెప్పలేం కనుక ఆ వేళల్లో విమానం బయటికి తీయవద్దు.

మూడో అడుగు: బరువు చిట్టా

విద్యార్థుల విమానాలను ఎక్కువగా దెబ్బతీసేది అదుపు తప్పిన బరువే. అందుకే రెక్క గీయకముందే చిట్టా రాయాలి. మన ఉదాహరణ విమానానికి ఇలా పంచుకోవచ్చు: రెక్క 250 గ్రాములు, ఫ్యూజిలాజ్ 180, తోక 60, చక్రాలూ వాటి కాళ్లూ 80. మోటారు, ప్రొపెల్లర్, వేగ నియంత్రకం కలిపి 140. మూడు సెల్‌ల 2200 మిల్లీ ఆంపియర్-అవర్ల లిథియం పాలిమర్ బ్యాటరీ 180. రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు, అంటే సర్వోలు 50, రేడియో సంకేతాన్ని అందుకునే రిసీవరు 15, తీగలూ జిగురూ 55. మొత్తం 1,010 గ్రాములు. 90 గ్రాములు మిగులుగా ఉంచితే ఖాళీ విమానం 1.1 కిలోలు. దానికి 500 గ్రాములు కలిపితే 1.6.

ఆ 90 గ్రాముల మిగులును ఎవరూ ముందే ఖర్చుపెట్టకూడదు. జిగురు బరువు ఎప్పుడూ అనుకున్నదానికంటే ఎక్కువే అవుతుంది, అతుకు మీద అతుకు పడుతుంది. కట్టడం పూర్తయ్యేసరికి మిగులు సగమైనా ఉంటే ఆ జట్టు మంచి జట్టు.

నాలుగో అడుగు: రెక్క లెక్క

ఇది ప్రాజెక్టుకు గుండెకాయ. తొందరపడకండి.

విమానం ఎంత నెమ్మదిగా ఎగరగలదో ముందు నిర్ణయించుకోవాలి, అంటే స్టాల్ వేగం. అంతకు తగ్గితే రెక్క విమానాన్ని మోయలేదు. కొత్త పైలట్ చేతికి సెకనుకు 9 మీటర్ల లోపు అయితే నయం. సమతల ఎగురుదలలో లిఫ్ట్ బరువుకు సమానం కాబట్టి రెక్క వైశాల్యానికి సూత్రం ఇది: రెండింతల బరువును గాలి సాంద్రత, వేగం వర్గం, గరిష్ఠ లిఫ్ట్ గుణకం (రెక్క ఆకారం ఎంత లిఫ్ట్ ఇవ్వగలదో చెప్పే అంకె) ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. 1.6 కిలోల బరువు అంటే 15.7 న్యూటన్లు. అడుగు చదునుగా ఉండే క్లార్క్-వై ఎయిర్‌ఫాయిల్‌తో (ఎయిర్‌ఫాయిల్ అంటే రెక్క అడ్డకోత ఆకారం) కట్టిన రెక్కకు ఈ చిన్న వేగాల్లో గరిష్ఠ లిఫ్ట్ గుణకం 1.2 అనుకోవచ్చు. గోపాల్‌పూర్ తీరంలో 32 డిగ్రీల వేడికి గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.157 కిలోలు. లెక్క వేస్తే వైశాల్యం 0.28 చదరపు మీటర్లు వస్తుంది. కాస్త వెసులుబాటు కోసం రెక్క పొడవు 1.4 మీటర్లు, వెడల్పు 22 సెంటీమీటర్లు తీసుకుందాం. వైశాల్యం 0.308, స్టాల్ వేగం సెకనుకు 8.6 మీటర్లు.

ఇప్పుడు అదే విమానాన్ని సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్ తీసుకెళ్లండి. అదే 32 డిగ్రీల వేడి ఉందనుకుంటే అక్కడ గాలి సాంద్రత 1.043కు పడిపోతుంది, అంటే పది శాతం తక్కువ. వేగం వర్గంతో ముడిపడిన లెక్క కాబట్టి స్టాల్ వేగం ఐదు శాతం పెరిగి 9 మీటర్లవుతుంది. అది ఒక దెబ్బ. పలుచటి గాలిలో ప్రొపెల్లర్ లాగుడు కూడా పది శాతం తగ్గుతుంది. రెండూ కలిసి, లేవడానికి పరుగెత్తాల్సిన దూరం ఐదో వంతుకు పైగా పెరుగుతుంది. తీరంలో 19 మీటర్లలో లేచిన విమానం కొండ మీద 23 మీటర్లు అడుగుతుంది. తీరమూ పీఠభూమీ రెండూ ఒక పగటి ప్రయాణం దూరంలో ఉండటం మన జిల్లాల విద్యార్థులకు దొరికిన గొప్ప ప్రయోగశాల. రెండు చోట్లా ఒకే విమానాన్ని ఎగరేసి కొలిచిన జట్టుకు సాంద్రత అంటే ఏమిటో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఎయిర్‌ఫాయిల్ ఎంపికలో ఒక మాట. పోటీ వీడియోలు చూసినవారు ఎక్కువ లిఫ్ట్ ఇచ్చే ఎస్1223 కావాలంటారు. దాని వెనక అంచు కాగితమంత పలుచన, కడుపు లోపలికి వంగి ఉంటుంది. మొదటిసారి చేతితో కోసేవారికి ఆ ఆకారం నిలవదు. ఆకారం చెడిన మంచి ఎయిర్‌ఫాయిల్ కంటే ఆకారం నిలిచిన మామూలు ఎయిర్‌ఫాయిలే మేలు. 1922 నాటి క్లార్క్-వైని బల్ల మీద చదునుగా పెట్టి అతికించుకోవచ్చు. ఎయిర్‌ఫాయిళ్ల కొలతలు ఇలినాయ్ విశ్వవిద్యాలయం వారి డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెక్క విశ్లేషణకు ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5, ఆకారం గీయడానికి నాసా తెచ్చిన ఓపెన్‌వీఎస్‌పీ కూడా ఉచితమే. అయితే సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందు పై లెక్క కాగితం మీద ఉండాలి. రెండూ పదిహేను శాతానికి మించి తేడా చూపిస్తే ఎక్కడో ఇన్‌పుట్ తప్పిందని అర్థం.

ఐదో అడుగు: తోక, గురుత్వ కేంద్రం

రెక్క నుంచి తోక దాకా 70 సెంటీమీటర్లు తీసుకుందాం. అడ్డ తోక 42 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు. తోక వైశాల్యాన్ని ఆ దూరంతో గుణించి, రెక్క వైశాల్యం, వెడల్పుల లబ్ధంతో భాగిస్తే 0.52 వస్తుంది. శిక్షణ విమానాలకు 0.5 పైన ఉంటే స్థిరంగా ఎగురుతాయి. నిలువు తోక 16 సెంటీమీటర్ల చదరం చాలు.

గురుత్వ కేంద్రం, మన విద్యార్థుల మాటలో సీజీ, రెక్క ముందు అంచు నుంచి 6 నుంచి 6.5 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. ఈ తోకతో తటస్థ బిందువు, అంటే సీజీ దాటి వెనక్కి జరగకూడని హద్దు, సుమారు 10 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. సీజీ దానికి ముందు ఎంత దూరంలో ఉంటే విమానం అంత తనంతట తాను సర్దుకుంటుంది. వెనక్కి జరిగిందా, ట్రాన్స్‌మిటరు (పైలట్ చేతిలోని రిమోటు) మీది కర్ర ముట్టుకుంటే ముక్కు ఎగరేస్తుంది. మొదటి ఎగురుదలలో ముక్కు బరువుగా ఉన్నా ఫరవాలేదు కానీ తోక బరువుగా ఉండకూడదు.

ప్రతి వస్తువు బరువునూ ముక్కు నుంచి దాని దూరంతో గుణించి పట్టిక వేయండి. బ్యాటరీని ముందుకు వెనక్కి జరిపే వీలు ఉంచుకోండి. సీసం ముక్కలతో సర్దడం ఎంత ఖరీదైనదో ఒక లెక్క చూడండి: తోకలో 20 గ్రాముల జిగురు ఎక్కువైతే, అది సీజీకి 70 సెంటీమీటర్ల వెనక ఉంది. ముక్కు 25 సెంటీమీటర్ల ముందు. సర్దాలంటే ముక్కులో 56 గ్రాములు వేయాలి. 20 గ్రాముల నిర్లక్ష్యానికి 76 గ్రాముల మూల్యం. తోక కట్టేవారి బల్ల మీద ఈ లెక్కను కాగితం మీద రాసి అంటించండి.

పప్పు ప్యాకెట్టు పెట్టే గూడు కచ్చితంగా సీజీ మీదే ఉండాలి. అప్పుడు బరువుతో ఎగిరినా ఖాళీగా ఎగిరినా తూకం మారదు.

ఆరో అడుగు: మోటారును నమ్మకండి, కొలవండి

విమానం బరువులో 60 శాతమైనా లాగుడు ఉండాలని పెట్టుకుందాం, అంటే సుమారు ఒక కిలో. మోటారు డబ్బా మీద రాసిన అంకె మీ బ్యాటరీతో, మీ ప్రొపెల్లర్‌తో కొలిచింది కాదు. అందుకే పరీక్ష బల్ల కట్టాలి.

చెక్కతో ఇంగ్లిషు 'ఎల్' ఆకారంలో రెండు సమానమైన చేతులు చేయండి. మూల దగ్గర బేరింగుతో తిరిగేలా బల్లకు బిగించండి. నిలువు చేతి కొసన మోటారు, అడ్డ చేతి కొస కింద వంటింటి ఎలక్ట్రానిక్ కాటా. మోటారు లాగినంత బలంతో అడ్డ చేయి కాటాను నొక్కుతుంది. రెండు చేతులూ సమానం కాబట్టి కాటా చూపే గ్రాములే లాగుడు. బ్యాటరీకీ వేగ నియంత్రకానికీ మధ్య వాట్ మీటరు పెట్టి ఓల్టులు, ఆంపియర్లు రాసుకోండి. నిండా చార్జి అయిన బ్యాటరీ 12.6 ఓల్టుల దగ్గర మొదలై తగ్గుతూ వస్తుంది. లాగుడు కూడా దాంతో పాటే తగ్గుతుంది. ఆ తగ్గుదలను గ్రాఫు గీయండి.

తిరుగుతున్న ప్రొపెల్లర్ పక్కన, అది తిరిగే తలంలో ఎవరూ నిలబడకూడదు. వెనక నుంచి చూడాలి, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. బల్లను నేలకు బిగించాకే మోటారు తిప్పాలి.

ఎంతసేపు ఎగరగలదో కూడా ఇక్కడే తేలుతుంది. 2200 మిల్లీ ఆంపియర్-అవర్లలో 80 శాతం, అంటే 1.76 ఆంపియర్-అవర్లు మాత్రమే వాడుకుంటాం. సగటున 12 ఆంపియర్లు తీసుకుంటే దాదాపు తొమ్మిది నిమిషాలు. ట్రాన్స్‌మిటరులో అలారం మాత్రం ఆరు నిమిషాలకే పెట్టండి.

ఏడో అడుగు: కట్టడం, ఇసుకతో పరీక్ష

బాల్సా చెక్క కోసం పెద్ద ఊళ్లకు ఆర్డరు పెట్టి వారాలు ఎదురుచూసే జట్లు ఉంటాయి. అవసరం లేదు. ఫ్లెక్సీ బోర్డుల దుకాణంలో దొరికే 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు ఫ్యూజిలాజ్‌కు, తోకకు సరిపోతుంది. రెక్కకు గట్టి రకం థర్మోకోల్ దిమ్మను వేడి నైక్రోమ్ తీగతో కోసి, పైన వెడల్పాటి ప్యాకింగ్ టేపు చుట్టవచ్చు. చక్రాల కాళ్లకూ సర్వో కడ్డీలకూ సైకిలు స్పోకులు ఉన్నాయి. కాగితం పొర ఉన్న ఫోమ్ బోర్డు మాత్రం వానాకాలపు తేమకు వంకర తిరుగుతుంది. కోసిన ముక్కలను చదునైన బల్ల మీద బరువు పెట్టి ఉంచండి.

రెక్కకు వెన్నెముక వెదురు. రాయగడ కాగితపు మిల్లుకు తరలే వెదురు మన కొండలకు కొత్త కాదు. ముదురు బొంగును చీల్చి, నీడలో బాగా ఎండబెట్టి, 6 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న బద్దలు తీయండి. రెక్క పైభాగంలో ఒకటి, కింద ఒకటి. రెండింటి నడుమ దూరం 22 మిల్లీమీటర్లు. కణుపులు రెక్క మధ్యలోకి, అంటే ఎక్కువ వంపు పడే చోటికి రాకుండా చూసుకోండి. ఒంగినప్పుడు పై బద్ద నలిగి పక్కకు తప్పుకోకుండా మధ్యలో ఫోమ్ అతికించి అక్కడక్కడ దారం చుట్టాలి.

ఇది సరిపోతుందా? లెక్క ఇలా సాగుతుంది. మలుపుల్లో, కుదుపుల్లో బరువుకు మూడింతలు పడుతుందనుకుందాం. ఒక్కో సగం రెక్క మీద 23.5 న్యూటన్లు. అది మధ్య నుంచి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది కాబట్టి రెక్క మొదలు దగ్గర వంపు మోమెంటు (బలం, దూరాల లబ్ధం) 7 న్యూటన్-మీటర్లు. 22 మిల్లీమీటర్లతో భాగిస్తే ఒక్కో బద్ద మీద 320 న్యూటన్లు. బద్ద వైశాల్యం 18 చదరపు మిల్లీమీటర్లు, అంటే ఒత్తిడి 18 మెగాపాస్కళ్లు. బాగా ఎండిన వెదురు దీనికి రెట్టింపు పైనే తట్టుకుంటుంది.

లెక్క సరే, ఇప్పుడు ఇసుక. రెక్కను తలకిందులుగా మధ్యలో ఆనించి, ఒక్కో సగాన్ని నాలుగు సమాన భాగాలుగా గుర్తు పెట్టండి. మధ్య నుంచి చివరికి 760, 700, 600, 340 గ్రాముల ఇసుక సంచులు పేర్చండి. గాలి లిఫ్ట్ కూడా రెక్క మీద దాదాపు ఇలాగే మధ్యలో ఎక్కువగా, చివర తక్కువగా పడుతుంది. రెండు వైపులా కలిపి 4.8 కిలోలు. సంచి పెట్టిన ప్రతిసారీ రెక్క కొస ఎంత వంగిందో స్కేలుతో కొలిచి రాయండి. వంపు బరువుతో పాటు సమంగా పెరగాలి. ఎక్కడైనా ఒక్కసారిగా ఎక్కువైతే లోపల జిగురు విడిందని అర్థం, ఆ రెక్కను ఎగరేయకూడదు. వీలైతే ఇంకో రెక్క కట్టి, విరిగే దాకా పరీక్షించండి. విరిగే ముందు వినిపించే ఆ చిటపటలు విన్న విద్యార్థి స్ట్రక్చర్స్ పాఠాన్ని జన్మలో మరచిపోడు.

ఎనిమిదో అడుగు: అనుమతి, స్థలం

2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల నుంచి 2 కిలోల లోపు బరువున్నది సూక్ష్మ తరగతి, మన విమానం అందులోకే వస్తుంది. ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటులోని డ్రోన్ మ్యాపులో ఆకుపచ్చగా ఉన్న ప్రాంతంలో 400 అడుగుల ఎత్తు దాకా ఎగరేయవచ్చు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల దాకానే. మన జిల్లాల్లో జయపురం విమానాశ్రయం, బరంపురం దగ్గర రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్, సునాబెడ రక్షణ కర్మాగారం ఉన్నాయి కాబట్టి మ్యాపు చూడకుండా ఎక్కడా ఎగరేయవద్దు. రిజిస్ట్రేషన్, అనుమతుల నిబంధనలు అప్పటికి ఎలా ఉన్నాయో కాలేజీ తరఫున మాస్టారే చూసుకోవాలి. స్థానిక పోలీసు స్టేషనుకు కాలేజీ లెటర్‌హెడ్ మీద ముందే ఒక ఉత్తరం ఇవ్వండి. మల్కన్‌గిరి, కొరాపుట్, రాయగడ జిల్లాల్లో పైన ఏదో తిరుగుతోందంటే జనం కంగారు పడటం సహజం. ఊరి పెద్దలకు చెప్పి, పిల్లలను పిలిచి దూరంగా కూర్చోబెట్టి చూపించడం ఇంకా మంచిది.

కోసిన వరి పొలమైతే గట్లు లేని పొడవాటి మడి వెతకండి. కరెంటు తీగలు, రోడ్డు, పశువులు దగ్గర ఉండకూడదు. గోపాల్‌పూర్ వైపు వెళ్తే సముద్రపు గాలి లేవకముందే పని ముగించాలి.

తొమ్మిదో అడుగు: ఎగరేసే రోజు

పైలట్ అనుభవం ఉన్నవారై ఉండాలి. జట్టులో ఒకరు సిమ్యులేటరు మీద నెలల తరబడి సాధన చేస్తే రెండో మూడో రోజుకు కర్ర అందుకోవచ్చు. మొదటి రోజు మాత్రం వద్దు.

లేచే ముందు వరుసగా చూడాల్సినవి: సీజీ గుర్తు దగ్గర రెండు వేళ్ల మీద నిలిపితే విమానం సమంగా లేదా కాస్త ముక్కు వంచి నిలవాలి. కర్రను కుడికి తిప్పితే కుడి రెక్క వెనక అంచు పలక, అంటే ఐలరాన్, పైకి లేవాలి. వెనక్కి లాగితే అడ్డ తోక వెనక పలక, అంటే ఎలివేటర్, పైకి లేవాలి. ఇవి తిరగబడిన విమానం లేచిన క్షణాల్లోనే నేలను గుద్దుతుంది, కనుక ఒకరు చదవాలి, ఇంకొకరు చూసి పైకి చెప్పాలి. రేంజి పరీక్ష చేయాలి, అంటే రేడియో సంకేతం దూరానికి అందుతోందో లేదో చూడాలి. విమానాన్ని గట్టిగా పట్టుకుని ట్రాన్స్‌మిటరు ఆపేస్తే మోటారు ఆగిపోవాలి.

మన జట్లలో తెలుగు, ఒడియా, సవర, కువి మాట్లాడేవారు కలిసి ఉంటారు. మైదానంలో వాడే కేకలు, అంటే మోటారు తిప్పుతున్నాం, లేస్తోంది, దిగుతోంది, పక్కకు తప్పుకోండి అన్నవి ఏ భాషలోనో ముందే ఖరారు చేసి అందరితో పలికించండి. ప్రమాదం వేళ ఎవరూ అనువాదం చేసుకుంటూ నిలబడలేరు.

మొదట ఖాళీగా ఎగరేయండి. 1.1 కిలోల దగ్గర స్టాల్ వేగం 7.1 మీటర్లే కాబట్టి విమానం నిమ్మళంగా ఉంటుంది. గాలికి ఎదురుగా లేపి, తగినంత ఎత్తుకు వెళ్లాక ట్రిమ్ (కర్ర వదిలినా విమానం నేరుగా వెళ్లేలా చేసే సర్దుబాటు) సరిచేసి, మోటారు తగ్గించి నెమ్మదిగా స్టాల్ దాకా తీసుకెళ్లి చూడండి. దిగాక బద్దలు, స్క్రూలు, బ్యాటరీ వేడి తనిఖీ చేయాలి. ఆ తర్వాతే 100 గ్రాములు, తర్వాత 250, తర్వాత 500. ఒక్కో మెట్టూ ఎక్కాలి, ఏదీ దాటవేయకూడదు. గాలి పెరిగిందా, పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లండి.

ఉబ్బిన బ్యాటరీ మళ్లీ వాడవద్దు. చార్జి అవుతున్నంతసేపూ మనిషి కాపలా, పక్కన ఇసుక బకెట్టు ఉండాలి. నిల్వ ఉంచేటప్పుడు ఒక్కో సెల్ 3.8 ఓల్టుల దగ్గర ఉండాలి.

పదో అడుగు: కొలత

చాలా జట్లు ఎగరగానే చప్పట్లు కొట్టి, ఫోటో దిగి ఆపేస్తాయి. అసలు చదువు ఇక్కడే మొదలవుతుంది. ఖరీదైన పరికరాలు లేకపోయినా ఫోను కెమెరా చాలు. పొలంలో 10 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతండి. వాటికి లంబంగా కనీసం 30 మీటర్లు వెనక్కి వెళ్లి ఫోనును స్టాండు మీద నిలపండి. విమానం కర్రల వరుస మీదుగా వెళ్లాలి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఒక కర్ర నుంచి రెండో కర్రకు 27 ఫ్రేములు పట్టిందంటే 0.9 సెకన్లు, వేగం 11.1 మీటర్లు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కొలిచి సగటు తీస్తే గాలి ప్రభావం చాలావరకు పోతుంది. లేచే దూరాన్ని చక్రాల జాడ నుంచి టేపుతో కొలవండి. బ్యాటరీలోకి తిరిగి ఎంత చార్జి ఎక్కిందో చూస్తే ఎగురుదలకు ఖర్చయింది తెలుస్తుంది.

ఇప్పుడు నోటు పుస్తకంలో మూడు నిలువు గడులు గీయండి: ముందు చెప్పింది, కొలిచింది, తేడాకు కారణం. బరువు, సీజీ, లాగుడు, రెక్క కొస వంపు, స్టాల్ వేగం, లేచే దూరం, ఎగిరిన సమయం, అన్నీ అందులోకి రావాలి. లేచే దూరం 19 మీటర్లని రాసి 26 వస్తే, వరి మొదళ్ల రాపిడిని తక్కువ అంచనా వేశారా, లాగుడు వేగంతో పాటు తగ్గడాన్ని వదిలేశారా అని వెతకండి. కారణాన్ని ఊహించి వదిలేయవద్దు, ఇంకో పరీక్షతో తేల్చండి. విమానాన్ని స్ప్రింగు కాటాతో గడ్డి మీద లాగి చూస్తే రాపిడి ఎంతో అక్కడికక్కడే తెలుస్తుంది.

మాస్టార్లకు

విమానం కూలిందని మార్కులు కోయకండి. కూలిన విమానం ముక్కలను బల్ల మీద పేర్చి, ఏది ముందు విరిగిందో రుజువులతో చెప్పిన జట్టుకు, అదృష్టవశాత్తు ఎగిరి ఏమీ కొలవని జట్టు కంటే ఎక్కువ మార్కులు రావాలి. సగం మార్కులు నోటు పుస్తకానికీ మూడు గడుల పట్టికకూ కేటాయించండి. సమీక్షలు మూడు పెట్టండి: అవసరం పేజీ మీద ఒకటి, కోయడానికి ముందు డిజైన్ మీద ఒకటి, ఎగరేయడానికి ముందు భద్రత మీద ఒకటి. మూడోదానిలో మాత్రం మీకు వీటో ఉండాలి. మొదటి రెండింటిలో జవాబు చెప్పకండి, ప్రశ్న అడగండి. ప్రతి విద్యార్థినీ వేరే వారి భాగం గురించి అడిగితే పని ఎవరు చేశారో, ఎవరు చూశారో అయిదు నిమిషాల్లో బయటపడుతుంది.

ట్రాన్స్‌మిటరు, చార్జరు, వాట్ మీటరు, లాగుడు బల్ల కాలేజీ ఒకసారి సమకూర్చుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి. విద్యార్థుల జేబు ఖర్చు ఫోముకు, వెదురుకు, జిగురుకు పరిమితం కావాలి.

ఏడాది చివర జట్టు వెళ్లిపోయే ముందు ఎయిర్‌ఫాయిల్ అచ్చులు, వైరింగ్ బొమ్మ, బరువు చిట్టా, మూడు గడుల పట్టిక ఒకే ఫైలులో పెట్టి జూనియర్లకు అందజేయాలి. జూనియర్ల ఎదుటే ఒకసారి విమానాన్ని విప్పి మళ్లీ బిగించి చూపించండి. వారి అవసరం పేజీలో మోయాల్సిన బరువు 500 గ్రాముల నుంచి 700కు పెరగవచ్చు, లేదా లేచే చోటు గోపాల్‌పూర్ నుంచి కొరాపుట్‌కు మారవచ్చు. అక్కడి నుంచి లెక్క వారు మళ్లీ మొదలుపెడతారు.